విశాఖ–అరకు–లంబసింగి బైకు యాత్ర: బండి తయారీ నుంచి ఘాట్ దిగేదాకా

విశాఖపట్నం నుంచి ఎస్.కోట, అనంతగిరి మీదుగా అరకు. అక్కడి నుంచి పాడేరు, చింతపల్లి దాటి లంబసింగి. తిరుగుదారిలో నర్సీపట్నం మీదుగా మళ్లీ విశాఖ. మొత్తం 340 కి.మీ. అటూ ఇటూ ఉంటుంది, మూడు రోజులు పెట్టుకుంటే హాయిగా తిరిగి రావచ్చు. దీనికి పెద్ద బండి అక్కర్లేదు. ఏజెన్సీలో పనిచేసే టీచర్లు, నర్సులు 100 సీసీ బళ్ల మీదే రోజూ ఈ ఘాట్లు ఎక్కి దిగుతారు. అయితే వాళ్లకు ప్రతి మలుపూ తెలుసు, వెనక సామాను ఉండదు, మంచు దట్టంగా ఉన్న పూట బయటికి రారు. కొత్తగా వెళ్లేవాళ్లకు ఈ మూడూ ఉండవు. కాబట్టి బండిని ముందే సరిచూసుకోవాలి, దిగేటప్పుడు బ్రేకులను కాపాడుకోవాలి. ఇక్కడ ఎక్కువ చోటు ఆ రెండింటికే ఇచ్చాం.

ఎటు నుంచి ఎక్కాలి, ఎటు దిగాలి

చుట్టు ఎటునుంచైనా తిరగొచ్చు గానీ, అరకు వైపు ఎక్కి నర్సీపట్నం వైపు దిగమనే మా సలహా. లంబసింగిలో చూడాల్సింది తెల్లవారుజాము మంచు. దానికోసం చాలామంది విశాఖలో అర్ధరాత్రి దాటాక బయలుదేరి, చీకట్లో, మంచులో, నిద్ర కళ్లతో ఘాట్ ఎక్కుతారు. ఈ దారిలో చేయకూడని పని ఏదైనా ఉందంటే అదే. రెండో రాత్రి లంబసింగిలోనో చింతపల్లిలోనో పడుకుంటే, పొద్దున్నే మంచు చూసి, ఎండ వచ్చాక తాపీగా దిగొచ్చు.

మొదటి రోజు విశాఖ నుంచి అరకు, సుమారు 115 కి.మీ. రెండో రోజు అరకు నుంచి పాడేరు 45, పాడేరు నుంచి లంబసింగి మరో 60. మూడో రోజు లంబసింగి నుంచి నర్సీపట్నం 30, అక్కడి నుంచి విశాఖ 85–90. కాగితం మీద ఇవి చిన్న దూరాలే. ఘాట్‌లో గంటకు 25–30 కి.మీ. కంటే ఎక్కువ సరాసరి రాదని లెక్క వేసుకోండి. ఏ రోజైనా సాయంత్రం ఐదింటికల్లా గదికి చేరేలా బయలుదేరండి. శీతాకాలంలో కొండల్లో చీకటి త్వరగా పడుతుంది, వెంటనే మంచు దిగుతుంది.

నవంబరు నుంచి జనవరి దాకా చలి, మంచు. జులై నుంచి సెప్టెంబరు దాకా జలపాతాలు నిండుగా ఉంటాయి, కానీ కొండచరియల రాళ్లు రోడ్డు మీదికి వస్తాయి. భారీ వర్షం హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. జనం రద్దీ లేకుండా చూడాలనుకుంటే మార్చి బాగుంటుంది. నాలుగు చినుకులు పడితే కాఫీ తోటలు తెల్లగా పూసి ఉంటాయి.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు 600 కి.మీ. పైచిలుకు హైవే తొక్కి, అలసిపోయి ఘాట్ ఎక్కడం మంచిది కాదు. బండిని రైల్లో పార్సిల్ వేసుకోవచ్చు. ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు కావాలి, ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, స్టేషన్ బయట గోనె కట్టి ప్యాక్ చేసేవాళ్లు ఉంటారు. విశాఖలో బండి అద్దెకు తీసుకుంటే నంబరు ప్లేటు చూడండి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే అది అద్దెకు అనుమతి ఉన్న బండి. తెల్ల ప్లేటు బండిని అద్దెకు తీసుకుని ప్రమాదంలో పడితే బీమా దగ్గర చిక్కులొస్తాయి.

వారం ముందు: బండి సర్వీసింగ్

ముందురోజు సాయంత్రం సర్వీసింగ్ చేయించి తెల్లారి బయలుదేరకండి. కొత్త బ్రేక్ షూలు, ప్యాడ్లు ఒక 150–200 కి.మీ. తిరిగితే గానీ పూర్తిగా పట్టవు. బిగించడం మరిచిన నట్టు ఏదైనా ఉంటే అది కూడా ఆ తిరుగుడులోనే బయటపడుతుంది. వారం ముందు చేయించి, ఆ వారమంతా ఊళ్లో తిప్పండి.

టైర్లతో మొదలుపెట్టండి. టైరు పక్క గోడ మీద టి.డబ్ల్యు.ఐ. అనే అక్షరాలో చిన్న త్రికోణమో ఉంటుంది. దానికి ఎదురుగా గాడి అడుగున చిన్న దిమ్మ కనిపిస్తుంది. టైరు ఆ దిమ్మ మట్టానికి అరిగితే మార్చాల్సిందే. అంత అరగకపోయినా తయారీ తేదీ చూడండి. నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఐదారేళ్లు దాటిన రబ్బరు గట్టిపడిపోతుంది, గాడి లోతుగా కనిపించినా తడి రోడ్డు మీద జారుతుంది.

గాలి ఎంత కొట్టించాలో బండి మీద స్టిక్కర్‌లోనో మాన్యువల్‌లోనో ఉంటుంది, అదే పాటించండి. చాలా 150 సీసీ బళ్లకు ముందు 25, వెనక ఒక్కరైతే 28, ఇద్దరైతే 32 పి.ఎస్.ఐ. దగ్గర ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఘాట్ రోడ్డుకు గ్రిప్పు కావాలని గాలి బాగా తగ్గించేవాళ్లున్నారు. సామానుతో గుంతలో పడితే రిమ్ము వంగేది అప్పుడే.

చైన్ దగ్గర మెకానిక్ చెప్పిందానితో సరిపెట్టుకోకుండా మీరే చూడండి. బండి సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, న్యూట్రల్‌లో పెట్టి, కింది వైపు చైన్ మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించండి. చాలా బళ్లకు 25–30 మి.మీ. దాకా ఆడాలి, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. వెనక చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఉంటే చైన్ సాగిపోయినట్టు, చైన్, స్ప్రాకెట్ల (చైన్ తిరిగే పళ్ల చక్రాల) సెట్టు మార్చుకోవాలి. బిగించేటప్పుడు అన్నింటికంటే బిగుతుగా ఉన్న చోటును లెక్కలోకి తీసుకోవాలి. వెనక మనిషీ సామానూ ఎక్కితే షాకబ్జార్బర్లు కుంగి చైన్ ఇంకా బిగుసుకుంటుంది. మరీ బిగించిన చైన్‌తో ఘాట్ ఎక్కితే స్ప్రాకెట్ పళ్లు అరుగుతాయి, గేరుబాక్సు బేరింగు దెబ్బతింటుంది.

చైన్ మీద మట్టిని కిరోసిన్‌తో, మెత్తటి బ్రష్‌తో కడగండి. పెట్రోలు వాడితే ఓ-రింగులు (లింకుల మధ్య రబ్బరు రింగులు) ఉన్న చైన్లలో ఆ రింగులు పాడవుతాయి. తుడిచి ఆరాక 90 నంబరు గేరు ఆయిలో లేక చైన్ లూబో కింది చైన్ లోపలి వైపు వేయండి. చక్రం తిరిగినప్పుడు ఆయిలు తనే బయటికి పాకుతుంది. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ ఆన్ చేసి గేరులో తిప్పుతూ ఆయిల్ పోస్తే గుడ్డ చైన్‌లో చిక్కుకుంటుంది, దాంతోపాటు వేళ్లూ పోతాయి.

బ్రేకుల్లో ముందు డిస్క్ ప్యాడ్ల మందం చూడండి. ప్యాడ్ మీది అరుగుదల గీత కనిపించకుండా పోయినా, మందం 2 మి.మీ. కంటే తగ్గినా మార్చండి. బ్రేక్ ఆయిల్ టీ డికాక్షన్ రంగులోకి వస్తే అందులో నీరు చేరినట్టే. ఆ నీరు వేడికి ఆవిరై, దిగుడులో లివరు మెత్తబడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చాలి, మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉన్నదే పోయించాలి. వెనక డ్రమ్ అయితే బ్రేక్ ఆర్మ్ దగ్గర బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు ఆ బాణం అరుగుదల గీతను తాకితే షూలు మార్చాలి.

ఇక క్లచ్ వైరు. లివరు దగ్గర, గేరుబాక్సు దగ్గర రెండు చివర్లా ఒక్క పోగు తెగి కనిపించినా కొత్తది వేయించి, పాతది పూర్తిగా తెగకుండా ఉంటే స్పేర్‌గా ఉంచుకోండి. కొత్త స్పేర్ వైరు కొంటే, పాతదాని పక్కనే ట్యాంకు కింద నుంచి పరిచి కట్టేయించండి. దారిలో తెగితే రెండు చివర్లు తగిలిస్తే చాలు, ట్యాంకు విప్పే పని ఉండదు. బ్యాటరీ, హెడ్‌లైటు, బ్రేక్ లైటు, హారన్ సంగతి చెప్పక్కర్లేదు. బ్రేక్ లైటు రెండు బ్రేకులకూ వెలుగుతుందో లేదో విడివిడిగా చూడండి. మంచులో వెనక బండివాడికి కనిపించేది అదొక్కటే.

సామాను

ఒక్కరికి 10 కిలోలు చాలు. బరువైనవి అడుగున, సీటుకు దగ్గరగా ఉండాలి. వెనక క్యారియర్ మీద ఎత్తుగా పేరిస్తే ఎక్కుడులో ముందు చక్రం తేలికై, హ్యాండిల్ ఊగుతుంది. బంగీ తాళ్ల కొక్కేలు గుంతల్లో ఊడి చక్రంలో పడతాయి. పాత ట్యూబును రెండంగుళాల వెడల్పుతో పొడవుగా కోసి కట్టండి, అది జారదు, వదులవదు. కట్టాక బండిని అటూ ఇటూ ఊపి చూడండి. పదిహేను కి.మీ. వెళ్లాక ఆగి మరోసారి బిగించండి. వీపుకు బరువైన బ్యాగు తగిలించుకుని రోజంతా నడిపితే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, ఘాట్‌లో తల తిప్పి చూడటమే కష్టమవుతుంది.

ఆర్సీ, లైసెన్సు, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్లు డిజిలాకర్‌లో ఉన్నా, సిగ్నల్ లేనిచోట తెరుచుకోకపోవచ్చు, అందుకని కాగితాలూ పెట్టుకోండి. యూపీఐ మాటా అంతే, చిన్న నోట్లు రెండు వేల దాకా ఉంచుకోండి. మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. దోమల మందు మరవకండి. ఏజెన్సీలో మలేరియా ఉంది, వానాకాలంలో మరీను. హెల్మెట్ ఇద్దరికీ ఐ.ఎస్.ఐ. గుర్తున్నదే ఉండాలి, నోరు కూడా మూసేదైతే చలికీ పనికొస్తుంది.

పంక్చర్ పడితే

ఎస్.కోట, అరకు, పాడేరు, చింతపల్లి, నర్సీపట్నంలో పంక్చర్ షాపులుంటాయి. వాటి మధ్య మాత్రం చాలా దూరం దాకా అడవీ, ఊళ్లూ. కాబట్టి కిట్టు వెంట ఉండాలి, ఇంటి దగ్గర ఒకసారి వాడి చూసి ఉండాలి.

ట్యూబ్‌లెస్ టైరుకు కావాల్సినవి: రీమరు (చిల్లును లోపల రాచి సాఫు చేసే గరుకు కడ్డీ), సూది, ఐదారు స్ట్రిప్పులు, సొల్యూషన్, కటింగ్ ప్లేయరు, బ్లేడు, గాలి పంపు. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ ట్యూబు కొన్ని నెలల్లో ఎండిపోతుంది, బయలుదేరే ముందు నొక్కి చూడండి.

1. మేకు కనిపించగానే పీకకండి. గాలి మెల్లగా పోతుంటే, కాస్త గాలి కొట్టి దగ్గర్లోని షాపు దాకా నెమ్మదిగా వెళ్లిపోవచ్చు. పీకితే ఆ అవకాశం ఉండదు.

2. షాపు దూరమైతే మట్టమైన చోట సెంటర్ స్టాండు వేసి, మేకు చేతికి అందేలా చక్రం తిప్పండి. ముందు స్ట్రిప్పును సూది కంట్లో సగానికి దూర్చి, సొల్యూషన్ రాసి సిద్ధంగా పెట్టుకోండి. ఆ తర్వాతే మేకు పీకండి. అది ఏ వాలులో దిగిందో గమనించండి.

3. అదే వాలులో రీమరు దూర్చి ఐదారుసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. రాపిడికి తెగిన తీగ పోగులు నున్నబడతాయి. ఈ పని సగం సగం చేస్తే ఆ పోగులే తర్వాత స్ట్రిప్పును కోసేస్తాయి. వేసిన పంక్చర్ మళ్లీ లీకవడానికి మామూలుగా ఇదే కారణం.

4. సూదిని బలంగా లోపలికి నొక్కండి. స్ట్రిప్పు రెండు కొసలు బయట సెంటీమీటరు పైన మిగలాలి. సూదిని తిప్పకుండా తిన్నగా ఒక్క గుంజున లాగండి. తిప్పితే స్ట్రిప్పు కూడా వెంట వచ్చేస్తుంది.

5. మిగిలిన కొసలను 3–4 మి.మీ. వదిలి కోయండి. గాలి కొట్టి, నీళ్లో ఉమ్మో రాసి బుడగలొస్తున్నాయేమో చూడండి.

ఆ తర్వాత 50 దాటకుండా నడిపి, పెద్ద ఊరు రాగానే లోపలి నుంచి ప్యాచ్ వేయించండి. టైరు పక్క గోడకు పడిన చిల్లుకు స్ట్రిప్పు పనికిరాదు. అది బండిని ఆటోలో ఎక్కించాల్సిన రకం.

పుల్లల చక్రాలున్న బళ్లకు చాలావరకు ట్యూబు ఉంటుంది. వాటికి కొత్త ట్యూబు, మూడు టైరు లివర్లు, యాక్సిల్ నట్టుకు సరిపోయే స్పానర్లు తీసుకెళ్లండి. విప్పే ముందు చైన్ అడ్జస్టర్ గీతలు రెండు వైపులా ఎక్కడున్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పాత ట్యూబు తీశాక టైరు లోపల గుడ్డతో తడమండి, వట్టి వేళ్లతో తడిమితే ముల్లు వేలికి దిగుతుంది. ముల్లు తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో మళ్లీ అదే పరిస్థితి. కొత్త ట్యూబులో ఆకారం వచ్చేంత గాలి కొట్టి లోపల పెడితే లివరు కింద నలగదు. వాల్వుకు ఎదురు వైపు నుంచి టైరు ఎక్కిస్తూ వాల్వు దగ్గర ముగించండి. చివరి కొంచెం ఎక్కకపోతే బలం పెంచకండి. అప్పటికే ఎక్కిన వైపు అంచును మోకాలితో నొక్కి రిమ్ము మధ్య గాడిలోకి దించితే, ఇటు వైపు వదులొస్తుంది.

చక్రం బిగించేటప్పుడు డ్రమ్ బ్రేకు ప్లేటును ఫ్రేముకు పట్టి ఉంచే కడ్డీ బోల్టును తప్పకుండా బిగించండి, దాని పిన్ను కూడా పెట్టండి. అది మరిచిపోతే మొదటి గట్టి బ్రేకుకే ప్లేటు తిరిగి చక్రం పట్టేస్తుంది. బిగించాక బండి కదిలించే ముందు వెనక బ్రేకు నాలుగుసార్లు తొక్కి చూడండి.

మొదటి రోజు: ఎక్కుడు

ఆరింటికల్లా విశాఖ దాటితే పెందుర్తి, కొత్తవలస దగ్గర లారీల రద్దీ తప్పుతుంది. ఎస్.కోటలో టిఫిను, ట్యాంకు నిండా పెట్రోలు. మొత్తం చుట్టుకు బండిని బట్టి 7 నుంచి 11 లీటర్లు పడుతుంది. ఇక్కడ నింపి, పాడేరులో మళ్లీ నింపితే దిగులుండదు.

బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. ఇంజిన్ దడదడలాడుతూ గుంజుకోవడం మొదలవకముందే గేరు తగ్గించండి. పై గేరులో ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి లాగించడం కంటే, రెండో గేరులో సాఫీగా తిరగనివ్వడమే ఇంజిన్‌కు మేలు. హెయిర్‌పిన్ మలుపులో సగం దాకా వెళ్లాక గేరు మార్చే పరిస్థితి తెచ్చుకోకండి. మలుపుకు ముందే తగ్గించి లోపలికి వెళ్లాలి. క్లచ్‌ను సగం పట్టి లాగించే అలవాటుంటే ఈ ఘాట్‌లో ప్లేట్లు కాలిన వాసన వస్తుంది. అప్పుడు ఆపి అరగంట చల్లారనివ్వండి.

కనిపించని మలుపులో మీ ఎడమ వైపే ఉండండి, హారన్ కొట్టండి. ఆర్టీసీ బస్సు హెయిర్‌పిన్ తిరగాలంటే రోడ్డంతా కావాలి. బస్సు ముక్కు కనిపిస్తే మలుపు బయటే ఆగి దాన్ని వెళ్లనివ్వండి. కుడి మలుపును అడ్డంగా కోస్తూ తిరగాలని చెయ్యి లాగుతుంది. ఎదురు బండి సరిగ్గా అక్కడే వస్తుంది. ఇరుకు చోట దిగేవాళ్లు ఆగి ఎక్కేవాళ్లకు దారి ఇవ్వాలన్నది మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, మూడో రోజు దిగేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

బొర్రా గుహలు చూడాలంటే ప్రధాన రోడ్డు నుంచి పక్కకు దిగాలి. రెండు గంటలైనా పడుతుంది, ఆ లెక్కతో వెళ్లండి. గాలికొండ దగ్గర 1,300 మీటర్ల ఎత్తు దాటుతుంది. అక్కడ ఆగేటప్పుడు బండిని ఎక్కుడు వైపు ముఖం పెట్టి, మొదటి గేరులో ఉంచి, సైడ్ స్టాండు కింద చదునైన రాయి పెట్టండి. తడిసిన మట్టిలో స్టాండు దిగబడి బండి పడిపోవడం అక్కడ చాలా మామూలు. అక్కడి నుంచి సుంకరిమెట్ట కాఫీ తోటల మీదుగా అరకు, సుమారు 900 మీటర్ల ఎత్తులో. సిల్వర్ ఓక్ చెట్ల కింద రాలిన ఆకులు తడిస్తే సబ్బులా జారతాయి, నీడ ఉన్న మలుపుల్లో వేగం ఇంకో ఐదు తగ్గించండి.

రెండో రోజు: పాడేరు దారి

ఈ భాగంలో మలుపుల కంటే మనుషులూ పశువులే ఎక్కువ. సంత రోజైతే జీపుల పైన కూడా జనం కూర్చుని వెళ్తుంటారు, రోడ్డు పక్కన బరువులతో నడిచేవాళ్లుంటారు. ఏ రోజు ఎక్కడ సంతో అరకులో టీ కొట్టు దగ్గర అడగండి. సంతలో ఆగి చూడటం ఈ ప్రయాణంలో మంచి భాగం. ఫొటోలు మాత్రం అడిగి తీయండి. రోడ్డు వెడల్పు చేసే పనులు జరిగే చోట వదులు కంకర ఉంటుంది. దాని మీద ముందు బ్రేకు వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. గేరు తగ్గించి, ఎక్సలేటర్ నిలకడగా ఉంచి, బండి కాస్త ఊగినా ఊగనివ్వండి, తనే సర్దుకుంటుంది.

పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు చూడాలనుకుంటే రెండో రాత్రి పాడేరులో ఉండి, ఒక రోజు పెంచుకోండి. బండిని కిందే పెట్టి నడిచి ఎక్కడం మేలు.

చలి, మంచు

లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రులు ఐదు డిగ్రీల లోపుకూ పడిపోతుంటాయి. గాలి లేనిచోట 5 డిగ్రీలున్నా, గంటకు 50 కి.మీ. వేగంతో వెళ్తుంటే ఒంటికి తగిలే చలి సున్నా కంటే తక్కువే. మందపాటి స్వెట్టరు ఒక్కటే వేసుకుంటే గాలి అందులోంచి దూరిపోతుంది. లోపల థర్మల్, దాని మీద ఉన్ని, అన్నిటికీ పైన గాలి చొరనిది వేసుకోవాలి. విడిగా కొనక్కర్లేదు, రెయిన్‌కోటు ఆ పని చేస్తుంది. మరీ వణుకొస్తే జాకెట్ లోపల ఛాతీ మీద రెండు మడతల దినపత్రిక పెట్టుకోండి. ఉన్ని గ్లవ్‌ల మీద పెద్ద సైజు రబ్బరు గ్లవ్‌లు వేస్తే వేళ్లు మొద్దుబారవు. మొద్దుబారిన వేళ్లతో బ్రేకు లివరు ఎంత నొక్కుతున్నారో మీకే తెలియదు, కాబట్టి వేళ్లు కొయ్యబారినట్టు అనిపిస్తే ఆగి, చంకల్లో పెట్టుకుని వెచ్చబరుచుకోండి.

మంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. డిమ్ లైటే వేయండి. రోడ్డు ఎడమ అంచు గీతను చూస్తూ, కనిపించే దూరంలో సగంలో ఆగగలిగే వేగంతో వెళ్లండి. హెల్మెట్ అద్దం మసకబారితే ఒక గీత పైకెత్తి ఉంచండి, ముక్కు దగ్గర గుడ్డ కట్టుకుంటే ఊపిరి అద్దానికి తగలదు. అద్దం లోపల కొంచెం షాంపూ రాసి పొడిగుడ్డతో తుడిచినా పట్టకుండా ఉంటుంది. ఆగాలంటే రోడ్డు పూర్తిగా దిగి ఆగండి. తారు మీద ఇండికేటర్లు వేసుకుని నిలబడితే వెనక జీపుకు మీరు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

పొద్దున బండి స్టార్ట్ కాకపోతే సెల్ఫ్ ఐదు సెకన్లకు మించి నొక్కకండి, పదిహేను సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నించండి. కార్బురేటర్ బండికి చోక్ లాగి, ఎక్సలేటర్ తిప్పకుండా కొట్టాలి. కిక్కు ఉంటే ఇగ్నిషన్ ఆపి నాలుగు కిక్కులు కొట్టాక ఆన్ చేయండి.

మూడో రోజు: దిగుడు

లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది, నర్సీపట్నం వంద మీటర్ల లోపు. మధ్యలో దాదాపు 900 మీటర్ల దిగుడు. బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిపి 300 కిలోలు అనుకుంటే, ఆ దిగుడులో వెలువడే శక్తి 8 లీటర్ల నీళ్లను చల్లటి స్థితి నుంచి మరిగేదాకా కాచడానికి చాలు. ఆ వేడి ఇంజిన్ ద్వారా, గాలి ద్వారా పోకపోతే మొత్తం మీ డిస్క్‌కూ డ్రమ్‌కూ చేరుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లు చేసేది అదే. పైగా ఇంజెక్షన్ బళ్లలో గేరులో ఉండి ఎక్సలేటర్ వదిలేస్తే ఇంజిన్‌కు పెట్రోలు సరఫరానే ఆగిపోతుంది, న్యూట్రల్‌లో మాత్రం ఐడ్లింగ్‌కు కాలుతూనే ఉంటుంది.

ఎక్కడానికి ఏ గేరు వేసేవారో దిగడానికీ అదే గేరు. నిటారు చోట రెండు, మిగతా చోట మూడు. దిగుడు మొదలవకముందే వేసుకోండి. బండి వేగం అందుకున్నాక రెండో గేరులోకి ఒక్కసారిగా దించితే వెనక చక్రం కీచుమని పట్టి జారుతుంది. బ్రేకును అదేపనిగా సన్నగా పట్టుకుని ఉండొద్దు. మలుపుకు ముందు తిన్నని చోట రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి, వేగం తగ్గించి, వదిలేసి మలుపు తిరగండి. వదిలిన ఆ కాసేపట్లోనే డిస్క్ చల్లారుతుంది. మలుపు మధ్యలో క్లచ్ నొక్కకండి, నొక్కగానే ఇంజిన్ పట్టు పోయి బండి ముందుకు పరుగెత్తుతుంది.

బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే, దిగుడులో బరువంతా ముందుకు వచ్చాక మరీను. పడిపోతామనే భయంతో వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే చక్రం పట్టి జారుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లకు, బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది గానీ, చాలా బళ్లలో అది ముందు చక్రానికే ఉంటుంది. వెనక చక్రం జారకుండా అది కాపాడదు.

స్కూటర్ల మీద వచ్చేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గేర్లు ఉండవు కాబట్టి ఇంజిన్ పట్టు తక్కువ, వేగం బాగా తగ్గితే క్లచ్ విడిపోయి అదీ ఉండదు. బ్రేకుల మీదే భారమంతా పడుతుంది. నాలుగైదు కి.మీ.కు ఒకసారి ఆగి పది నిమిషాలు చల్లారనివ్వండి.

బ్రేకు వేడెక్కిందని తెలిసే గుర్తులు: లివరు మునుపటికంటే హ్యాండిల్‌కు దగ్గరగా వస్తుంది, మెత్తగా అనిపిస్తుంది, లేదా లివరు గట్టిగానే ఉన్నా బండి ఆగదు, కాలిన వాసన వస్తుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే గేరు తగ్గించి, పక్కకు తీసి ఆపండి. ఇరవై నిమిషాలు కదలొద్దు. డిస్క్ మీద నీళ్లు పోయకండి, వంకర పోతుంది. ముట్టుకోకండి, చర్మం ఊడుతుంది.

ఘాట్ దిగే దారుల్లో గంజాయి కోసం పోలీసు తనిఖీలుంటాయి. బ్యాగులు విప్పమంటే సహకరించండి, కాగితాలు పైనే ఉంచుకోండి. ఎవరు ఎంత మర్యాదగా అడిగినా ‘ఈ సంచి నర్సీపట్నంలో ఇచ్చేయండి బాబూ’ అనే మాటకు ఒప్పుకోకండి. మీ బండి మీద దొరికితే ముందుగా పట్టుబడేది మీరే.

నర్సీపట్నం చేరాక టీ తాగుతూ టైర్లలో మేకులున్నాయేమో, సామాను తాళ్లు వదులయ్యాయేమో చూసుకోండి. అక్కడి నుంచి తాళ్లపాలెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి అనకాపల్లి మీదుగా విశాఖ. మూడు రోజులు ముప్ఫైలో నడిపిన చెయ్యి హైవే చూడగానే ఎనభైకి పోతుంది. మొదటి పది కి.మీ. ఎడమ లేనులోనే వెళ్లి, వేగానికి మళ్లీ అలవాటు పడండి. ఇంటికొచ్చాక మర్నాడే చైన్ కడిగి ఆయిలు వేయండి, బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగాయో బయలుదేరేముందు చూసిన మందంతో పోల్చి రాసి పెట్టుకోండి. వచ్చేసారి ప్యాడ్లు ఎప్పుడు మార్చాలో ఆ లెక్కను బట్టే తెలుస్తుంది.